కాళ్ళు లెక్కపెట్టుకో

ఒబ్దూలియా చేతులు కిందటి వానాకాలం నుంచి వణుకుతున్నాయి. వణుకు పెరగడమే గానీ తగ్గేది లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆమె దిగులల్లా ఒక్కటే. మెక్సికో సిటీలో మా పేట పార్కుకు వచ్చే కొలిబ్రీని, ఆ బొటనవేలంత తేనె తాగే పిట్టను, చెదరకుండా ఒక్క ఫోటో తీయాలి. చేతులు పూర్తిగా మొండికేసేలోపే తీయాలి. ఇప్పటిదాకా తీసినవన్నీ అలుక్కుపోయాయి.

“ఇంట్లో కూర్చుని చిక్కుడుగింజలు ఏరుకోవచ్చుగా అమ్మా,” అంది కూతురు.

“నువ్వేరు. నీ చేతులు బాగానే ఉన్నాయిగా,” అని ఒబ్దూలియా వెళ్ళి కెమెరాకు మూడు కాళ్ళ స్టాండు కొనుక్కొచ్చింది.

పార్కులో ఎర్రపూల పొద ముందు స్టాండు దించిందో లేదో, కాపలాదారు ఫిదెన్సియో ఈల ఊదుకుంటూ ఊడిపడ్డాడు.

“స్టాండు పెట్టకూడదు మామ్మా. పెడితే వ్యాపారం కింద లెక్క. పర్మిషన్ కావాలి.”

“అదిగో, పదిహేనో పుట్టినరోజు పిల్లకి ఇంతేసి గౌను తొడిగి, ఫోటోగ్రాఫర్లు గడ్డిలో పొర్లుతున్నారు. వాళ్ళది వ్యాపారం కాదా?”

“వాళ్ళు చేత్తో పట్టుకుని తీస్తున్నారు.”

“నా చేతులు చూశావా?”

చూశాడు. మొహం తిప్పుకున్నాడు. “రూల్లో చేతుల మాట లేదు మామ్మా.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నాకైనా మండేది. బతిమాలడం మాత్రం ఆమెకు చేతకాదు.

మర్నాడు స్టాండు ఇంట్లో పడేసి, రెబోసో కప్పుకొచ్చింది. తన పిల్లలందరినీ వీపున కట్టుకు మోసిన పొడవాటి నేత శాలువ అది. దాంట్లోంచి ఏ పిల్లా జారిపడింది లేదు. పొదకెదురుగా చెట్టుకు వీపు ఆనించి, కెమెరాను గుండెలకు హత్తుకుని, తననూ కెమెరానూ చెట్టునూ కలిపి శాలువతో చుట్టేసింది. గేటు దగ్గర తమాలెలు, అదే ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి పొట్లాలు, అమ్మే క్రెసెన్సియా బండి వదిలి వచ్చి ముడి బిగించింది.

ఫిదెన్సియో పరుగున వచ్చి పొదకు అవతల నిలబడ్డాడు. “ఏంటి మామ్మా ఈ వేషాలు?”

“కాళ్ళు లెక్కపెట్టుకో నాయనా. రెండే. రెండూ నావే!”

“కుదరదు, కుదరదు! నా ఉద్యోగం ఊడగొడతావా?” అంటూ అతను వేలు ఆడించాడు.

అప్పుడే పిట్ట వచ్చి కొమ్మ మీద వాలింది.

“నోర్ముయ్!” అంది ఒబ్దూలియా. మీట నొక్కింది.

ఆ ఫోటోను పెద్దది చేయించి, పార్కు గేటు దగ్గర తమాలెల బండికి అతికించింది. కొలిబ్రీ ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. వెనక ఫిదెన్సియో ఉన్నాడు, టోపీతో సహా. మొత్తం ఫోటోలో వణికింది అతని వేలు ఒక్కటే.