ఎడమ చేతికి అందే హుక్కులు

పోయిన గురువారం కాలేజీ స్టూడియోలో థర్మకోల్ కోస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "కిందింటి ఆంటీ పోనారే. పొద్దున్న టీ తాగి పడుకున్నారట, మరి లేవలేదు. నువ్వు వచ్చీ," అంది. అమ్మది శ్రీకాకుళం వైపు. సికింద్రాబాద్ వచ్చి పాతికేళ్ళయినా ఏడుపొస్తే ఆ ఊరి మాటే వస్తుంది. కట్టర్ బల్ల మీద పడేసి బయటికొచ్చాను. తర్వాత బస్సెక్కి మెట్టుగూడలో దిగాను. గల్లీ మలుపులోంచే ఆ ఇంటి ముందు విడిచిన చెప్పులన్నీ కనిపించాయి.

ఆ ఇంట్లో మేం మేడ మీద, ఆవిడ కింద. గల్లీ మొత్తానికి ఆవిడ బ్లౌజుల ఆంటీ. ముందుగది కిటికీ పక్కన మిషను, దాని వెనక ఆవిడ. పెదాల మధ్య నాలుగైదు గుండుసూదులు ఎప్పుడూ ఉండేవి. వాటితోనే మాట్లాడేది, వాటితోనే తిట్టేది, ఒక్కటీ కింద పడేది కాదు. గుడ్డ మీద గీతలకు అరిగిపోయిన స్నానం సబ్బు ముక్క వాడేది. అందుకే మా గల్లీ ఆడవాళ్ళ కొత్త బ్లౌజులన్నీ ఒకే వాసన వేసేవి. కుట్టినదాన్ని కవర్లో పెట్టి ఇచ్చి పంపడం ఆవిడకు చేతకాదు. లోపలి గదిలో వేసుకుని బయటికి రావాలి, ఆవిడ ముందు చెయ్యెత్తి నిలబడాలి. "బస్సుల రాడ్ పట్టుకున్నట్టు పట్టుకో," అనేది. చంకలో బిగుసుకుందో, అక్కడికక్కడే బ్లేడు తీసి కుట్టు విప్పేసేది. మారేడ్‌పల్లి నుంచి కార్లో దిగిన ఆవిడయినా సరే, ఆ లేని రాడ్ పట్టుకోవాల్సిందే.

నేను డిజైన్ కోర్సులో చేరిన కొత్తలో అట్టముక్కలతో ఒక స్టూలు చేశాను. గొప్పగా కిందికి పట్టుకెళ్ళి చూపించాను.

"ఎవరి కోసం చేసినవ్ బిడ్డా?"

"యూజర్ కోసం ఆంటీ."

"ఆమె పేరేంది?"

"పేరుండదు ఆంటీ. ఎవరైనా కూర్చోవచ్చు."

"పేరు లేనామెకు కొలత ఎట్ల తీసినవ్?" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. మా దగ్గర చార్టులుంటాయి, మనుషుల సగటు కొలతలన్నీ వాటిలో ఉంటాయి, బ్లౌజులు కుట్టే ఆవిడకు ఇవన్నీ ఏం తెలుసని మనసులో అనుకున్నాను. ఆ స్టూలు మీద మొదట కూర్చున్నది మా నాన్న. ఎలా పడ్డారో చెప్పను.

చేసిందాన్ని మళ్ళీ చేయమంటే నాకు ప్రాణం పోయేది. స్టూడియో సార్ ఎర్ర పెన్నుతో డ్రాయింగు మీద ఒక్క గీత గీస్తే చాలు, మెట్టుగూడ వచ్చేదాకా బస్సులో కళ్ళు తుడుచుకునేదాన్ని. నేరుగా ఆంటీ మిషను పక్కన చతికిలబడి సార్‌ను తిట్టేదాన్ని. ఆవిడ వింటూనే ఎవరిదో జాకెట్టు చేతులు విప్పుతూ ఉండేది. "విప్పుడు సుత కుట్టుడే బిడ్డా. సగం పని గదే," అనేది. ఆ మాట నన్ను ఓదార్చడానికి అందని అప్పుడు అనుకున్నాను. ఆవిడ తన పని గురించి ఉన్నమాటే చెప్పింది.

కిందటేడాది ఆవిడకు పక్షవాతం వచ్చింది. నడక, మాట మెల్లగా తిరిగొచ్చాయి గానీ కుడి చెయ్యి రాలేదు. మిషను మీద దుప్పటి కప్పారు. ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంది, ఫోను నొక్కడం నేర్చుకుంది. ఒక్కటి మాత్రం కుదరలేదు. ఊరందరికీ బ్లౌజులు కుట్టిన మనిషికి రోజూ పొద్దున్నే కోడలు వచ్చి హుక్కులు పెట్టాలి. కోడలు మంచిది, ఒక్కనాడూ విసుక్కోలేదు. అయినా ఆంటీ ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది.

"పొద్దుగాల చిన్నపోరి లెక్క నిలబడాలె. గదొక్కటే తక్లీఫ్ నాకు. నువ్వు గిదే చదువుతున్నవ్ గదా, నాకో బ్లౌజ్ చెయ్. నా అంతల నేను వేసుకునేది."

నాకప్పుడు ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు విషయం దొరకలేదు. ఆవిడ కష్టం నాకు ప్రాజెక్టుగా దొరికింది. ఇలా రాయడానికి సిగ్గేస్తోంది గానీ జరిగింది అదే.

మొదటిదానికి హుక్కుల బదులు అయస్కాంతాలు పెట్టాను. చూడ్డానికి భలే ఉంది. కోడలు దాన్ని ఆంటీకి వేసి కుర్చీలో కూర్చోబెట్టింది. పాత అలవాటు కొద్దీ ఆంటీ ఒళ్ళో సూదుల డబ్బా పెట్టుకుని కూర్చునేది, వంగేసరికి సూదులన్నీ ఎదురొచ్చి అతుక్కున్నాయి. "ముళ్ళపంది లెక్క అయిన," అని ఆవిడ నవ్వితే మేమూ నవ్వాం. రెండోదానికి చిన్నపిల్లల బూట్లకుండే అతుకుపట్టీ వేశాను. అది పైటలోని దారాలన్నీ లాగేసింది. విప్పితే పక్కింటికి వినపడేంత చప్పుడు. విసుగొచ్చి, "పోనీ నైటీ వేసుకోండి ఆంటీ," అన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. "నన్ను పేషెంట్‌ను చెయ్యకు. అందరికి ఎట్లుంటదో నాకు గట్లనే ఉండాలె. హుక్కులే పెట్టు."

మూడోది కుడి చంకలో బిగుసుకుని చెయ్యే దూరలేదు. నాలుగోసారికి పెద్ద ప్యాంటు హుక్కులు ఆరు పెట్టాను, కుడి చంక వెడల్పు చేశాను. అప్పటికి సార్లంతా చూసి మార్కులు వేసే జ్యూరీ రోజు వచ్చేసింది. ఆంటీ చేత వేయించి చూసే తీరిక లేక బొమ్మకు తొడిగి పట్టుకెళ్ళాను. సార్లందరూ మెచ్చుకున్నారు. ఎర్ర పెన్ను సారయితే లేచి వచ్చి కుట్టు పట్టుకుని చూశారు. క్లాసులో నాదే మొదటి గ్రేడు.

ఆ సాయంత్రమే మిఠాయి డబ్బాతో కిందికి దిగాను. ఆంటీ లోపలికి వెళ్ళి చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఒంటి మీద చీర చుట్టుకుని ఉంది, బ్లౌజు చేతిలో ఉంది. హుక్కులున్నది కుడి అంచుకు. వాటిని పట్టుకుని లాగాల్సింది ఆ పడిపోయిన కుడి చెయ్యే. నా డ్రాయింగుల్లో ఎక్కడ చూసినా హుక్కులు ఎడమ వైపే ఉన్నాయి. అది కాగితానికి ఎడమ, ఆవిడకు కుడి. అయిదుగురు సార్లు చూశారు, ఒక్కరూ పట్టుకోలేదు. బొమ్మ తనంతట తాను హుక్కులు పెట్టుకోదు కదా.

"నా ఎదురుంగ నిలబడి గీసినవ్ బిడ్డా," అంది ఆంటీ. "నా దిక్కు నుంచి గీయాలె."

"మళ్ళీ చేస్తాను ఆంటీ," అన్నాను. చేయలేదు. గ్రేడు వచ్చేసింది, బ్లౌజు ఫొటోలు కాలేజీ గోడకెక్కాయి. తప్పు గోడ మీద అంత బాగా వెలుగుతుంటే దాన్ని విప్పే ధైర్యం నాకు లేకపోయింది. మూడు వారాలు మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. ఆవిడ తలుపు తెరిచే ఉండేది. తెలియకుండా ఉంటుందా? ఆవిడ నాతో మాట్లాడడానికి సిద్ధంగా కూర్చున్న ఆ మూడు వారాలూ నేనే పారేసుకున్నాను. ఇప్పుడు కావాలన్నా రావు.

చివరికి అమ్మే పట్టుకుంది. "ఏటే, ఆంటీ రోజూ అడుగుతున్నారు. దొంగలా దిగుతావేటి?" అని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళి వదిలింది.

ఆంటీ నేల మీద కూర్చుని ఉంది. నా బ్లౌజును ఒక మోకాలి కింద తొక్కిపట్టి ఎడమ చేత్తో బ్లేడు పట్టుకుని కుట్టు విప్పుతోంది. బొటనవేలి మీద రెండు చోట్ల తెగిన గీతలున్నాయి.

"మూడు హుక్కులు ఊడదీసిన. ఇంక మూడున్నయ్. కుర్చీ ఎందుకు, కింద కూసో," అంది.

బావురుమన్నాను. ఆవిడ ఏడవొద్దని అనలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా చూసి, "అయిందా? జెర సూదిల దారం ఎక్కియ్యి. గదొక్కటి నాతోని అయితలేదు," అంది.

ఈసారి ముందు నా కుడి చేతిని చున్నీతో ఒంటికి కట్టేసుకున్నాను. అలా కట్టుకుని బ్లౌజు వేసుకోబోతే ఒక్క పూటలో తెలిసింది. హుక్కులు ఎడమ అంచుకు మార్చితే సరిపోదు. ఎడమ చెయ్యి హుక్కు తెచ్చేసరికి కుడి అంచు జారిపోతోంది, దాన్ని పట్టుకునే చెయ్యి లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాను. ఆంటీ నవ్వి, "దానికో తోక కుట్టు. లంగాల దోపుకుంట. ఇగ యాడికి పోతది?" అంది. కుడి అంచు కింద జానెడు పట్టీ కుట్టాను. ఏ పుస్తకంలోనూ లేని ఆ తోక అంచును నిలబెట్టింది. పట్టీ పొడుగు ఒకసారి, మెడ ఒకసారి మళ్ళీ సరిచేసి, ఏడోది ఇచ్చాను. దానికి మార్కుల్లేవు, ఫొటో లేదు. చదువు నాకు అక్కడ మొదలైందని ఇప్పుడు చెప్పగలను.

ఏడోది వేసుకున్న రోజు ఆదివారం. ఆంటీ మా ఇద్దరినీ, అంటే కోడలినీ నన్నూ, గదిలోంచి బయటికి పంపి తలుపు వేసుకుంది. మేం గుమ్మం మెట్టు మీద కూర్చున్నాం. లోపల గాజులు మోగుతున్నాయి, ఆగుతున్నాయి. ఒకసారి ఏదో కింద పడింది. కోడలు లేచి, "అత్తమ్మా, రానా?" అంది.

"కూసో ఆడ్నే," అని లోపలినుంచి గట్టిగా వినిపించింది.

ఎంతసేపయిందో తెలియదు. తలుపు తెరుచుకుంది. చీర ఎలాగో చుట్టుకుని, చెమట పట్టిన ముఖంతో ఆంటీ బయటికొచ్చింది. పైట పక్కకు జరిగి ఉంది. పై హుక్కు రెండో కాజాలో పడింది, అక్కడినుంచి అన్నీ ఒకటొకటి కిందికి తప్పాయి, మెడ దగ్గర కుడి అంచు ఎత్తుగా లేచి నిలబడింది. సరిచేద్దామని కోడలి చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఆంటీ ముఖం చూసి కోడలు ఆ చేతిని తెచ్చి తన ఒళ్ళోనే పెట్టుకుంది. ఆంటీ గుమ్మంలో కుర్చీ వేయించుకుని, దీపాలు పెట్టే వేళదాకా, గల్లీలో పోయేవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచి పలకరిస్తూ కూర్చుంది.