చుక్క ఒలకని చెంబు

మొన్న కల్లూరులో షేర్ ఆటో ఎక్కి, డ్రైవరు పక్కన సగం సీటు మీద సర్దుకుని, ఒళ్ళో సాంబారు క్యారియర్ పెట్టుకుని వస్తున్నాను. స్పీడు బ్రేకరును డ్రైవరు చూడలేదు, చూసినా లెక్కచేయలేదేమో. వెనకవాళ్ళు ఒకరి ఒళ్ళోకి ఒకరు చేరిపోయారు. నా సాంబారు మాత్రం ఒలకలేదు. "ఏం సారూ, బంక పూసుకోని కూచ్చున్యావా?" అన్నాడు డ్రైవరు. బంక కాదు, గుర్రం నేర్పిన విద్య అనబోయి ఊరుకున్నాను. నా పొట్ట చూసినవాడెవడూ ఆ మాట నమ్మడు.

మా ఊళ్ళో పీర్ల పండక్కి తొలి పానకం మా ఇంటినుంచే పోవాలి. ఇత్తడి చెంబు అంచులదాకా నింపి, ఇంట్లో ఒకరు గుర్రమెక్కి, ఒంటిచేత్తో పట్టుకుని పీర్ల చావిడి దాకా తేవాలి. నిండుకుండ తొణకదంటారు. దాన్ని గుర్రం మీద పెట్టి చూసినవాడెవడూ ఆ మాట అనడు. అయినా మా చిన్నాయన నలభై ఏళ్ళు ఆ పని చేశాడు, చుక్క ఒలికించి ఎరగడని ఊరంతా చెప్పుకునేది. ఒక ఏడు ఆయన జారిపడి తుంటి విరిగింది. "ఇంగ గుర్రమేంటికి, ట్రాక్టరులో పెట్టి పంపిద్దాంలే" అన్నారు పెద్దమనుషులు. చిన్నాయన మూడు రోజులు అన్నం ముందు ఊరికే కూర్చుని లేచాడు, అంతే. నాలుగో రోజు నేను ఎక్కుతానన్నాను. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. అంతవరకూ నేను లొంగదీసిన మొండిఘటం నా మోపెడ్ ఒక్కటే.

పెళ్ళిళ్ళకు గుర్రాన్ని బాడుగకిచ్చే సాయిబు మామ మా పక్కింటాయనే. అందుకని పుట్టినప్పటినుంచీ నేనాయనకు అల్లుణ్ణి. ఆయన తెల్లగుర్రం వందలకొద్దీ పెళ్ళికొడుకుల్ని మోసింది గనక మగవాళ్ళ మీద దానికి పెద్ద గౌరవం లేదు. ఖాళీగా ఉన్న శనగచేలో నా చదువు మొదలైంది. కదలమనడానికి కుడి మణికట్టు మెలితిప్పేవాణ్ణి, ఆపడానికి వేళ్ళు బిగించేవాణ్ణి. ఇరవై ఏళ్ళ మోపెడ్ అలవాటు మరి. పగ్గాలు గుంజేకొద్దీ అది తల పైకెత్తి, వీపు కుంగదీసి, కాళ్ళు ఎటంటే అటు విసురుతూ పరిగెత్తేది. నా మోచేతులు తుంగభద్ర వైపు, మోకాళ్ళు హంద్రీ వైపు పోయేవి. నేను చేసింది స్వారీ కాదు, పూటపూటా గుర్రానికి చెప్పుకున్న సారీ.

"మూతి పట్టుకోని యాడికి గుంజుతావు అల్లుడా? గుర్రం ముందర ల్యా, ఎనకాల ఉండాది" అన్నాడు మామ ఒకరోజు.

నేను వెనక్కి తిరిగి చూశాను.

"సూడొద్దప్పా, కూచ్చో!"

గుర్రం బలమంతా వెనక కాళ్ళలో ఉంటుందట. మనం నిటారుగా, బరువుగా కూర్చుని, పిక్కలతో మెల్లగా ఒత్తి, పగ్గాన్ని పసిపిల్ల వేలు పట్టుకున్నట్టు పట్టుకుంటే, ఆ కాళ్ళు పొట్ట కిందికి వస్తాయి, వీపు లేస్తుంది, మెడ దానంతటదే వంగుతుంది. దాన్ని మామ కూడదీసుకోవడం అనేవాడు. "అది కూడదీసుకుంటాది. నువ్వు చెదిరిపోకుంటే సాలు." తర్వాత చేతికి నీళ్ళ చెంబు ఇచ్చాడు. తడిసి ఇల్లు చేరితే మా ఆవిడ, "స్నానం చేన్లోనే ముగించుకోని వచ్చినావా?" అనేది. నెల తిరిగాక ఒక పొద్దున, నా కింద ఆ వీపు పులిసిన దోసెపిండిలా పొంగింది. నాలుగంటే నాలుగే అడుగులు. ఆ పూట నేను ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడితే ఎక్కడ జారిపోతుందోనని.

పండగనాడు అంతా సవ్యంగానే సాగింది. చావిడి మలుపులో తప్పెట్లు మోగాయి. మామా నేనూ ఇద్దరమూ మరిచిందేమిటంటే, అది పెళ్ళిళ్ళ గుర్రం. వాయిద్యం వింటే ఎగరడమే దాని వృత్తి. ముందరి కాళ్ళు లేవబోయాయి. కుడిచేతిలో చెంబు, ఎడమచేతిలో పగ్గం. ఎడమ చెయ్యి గుంజబోయింది. "గుంజొద్దు! కూచ్చో!" అని కింద నడుస్తున్న మామ అరిచాడు. ఊపిరి వదిలేసి, బరువంతా కిందికి దింపి, పిక్కలు ఆనించాను. ఆ గంతులన్నిటినీ అది తనలోకి కూడదీసుకుంది. ఒక్కో కాలూ నిదానంగా ఎత్తి ఎత్తి వేస్తూ చావిడి దాకా నడిచింది. మణికట్టు మీద మాత్రం చల్లగా తగిలింది.

నేను గుర్రం దిగాక, చావిడి ముందు కుర్చీలో ఉన్న చిన్నాయన చెంబులోకి తొంగిచూశాడు. పానకం అంచుకు రెండువేళ్ళ కిందికి ఉంది. "ఒలికింది చిన్నాయనా" అన్నాను. ఆయన నా చెవి దగ్గరికి లాక్కుని, "మొదటేడు నేను సగం ఒలకబోసింటి రా. మీ నాయన చావిడి ఎనకాల బిందె పెట్టుకోనుండి నింపినాడు. ఎవురికీ చెప్పాకు" అన్నాడు. ఆ మధ్యాహ్నం రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

ఇప్పుడు చిన్నాయన లేడు, ఆ తెల్లగుర్రమూ లేదు, కాబట్టి చెబుతున్నాను. వచ్చే పండక్కి మా తమ్ముడి కూతురు ఎక్కుతానంటోంది. నేను బిందె తోమి పెట్టుకున్నాను. ఇంకో నలభై ఏళ్ళు పోనివ్వండి, ఆ పిల్ల కూడా చుక్క ఒలికించి ఎరగదనే ఊరు చెప్పుకుంటుంది.