జీడిపిక్కల పొగ, మా నూకాలత్త

నిన్న పొద్దున్న వీధిలో ఆటో ఆగిన చప్పుడు వినగానే, వాటర్ బాటిల్, తువ్వాలు బ్యాగులో పెట్టేశాను.

డయాలసిస్ రోజు కదా.

మా వీధిలో ఆటో నడిపే ఎర్రయ్య బావ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. "బ్యాగు ఒగ్గీయే. అత్త లేదింక," అన్నాడు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను.

నూకాలత్త మా నాన్న చెల్లెలు. చేపల గంప మోసి పిల్లల్ని పెంచిన మనిషి. కిడ్నీలు పాడయ్యాక, ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, పలాస ఆసుపత్రికి నేనే తోడు వెళ్లేదాన్ని.

పలాసలోకి వెళ్లే దారిలో జీడిపిక్కలు కాల్చే పొగ తగులుతుంది. ఆ తర్వాత మెషిన్, బీపీ పడిపోవడం, వాంతులు. ప్రతిసారీ అదే వరుస.

కొన్నాళ్లకు మెషిన్ దాకా వెళ్లక్కర్లేకపోయింది. పొగ తగిలితే చాలు, ఆటోలోనే వాంతి.

ఒకరోజు ఇంటి దగ్గర, పక్కింటి పిల్లలు నిప్పుల్లో పిక్కలు కాల్చుకుంటుంటే, అత్త పెరట్లో కూలబడి కక్కింది. అది ఆసుపత్రికి వెళ్లే రోజు కూడా కాదు.

చుట్టాలు తేల్చేశారు. "ఆ మెషిన్ మందు నీ ఒంటికి పడ్డం లేదే. ఒగ్గీ."

"ఇంక నాను రాను," అని అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో, ఊరూరా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

టెక్కలి కాలేజీలో సైకాలజీ క్లాసు గుర్తొచ్చింది. గంట కొట్టి అన్నం పెడుతూ పోతే, కొన్నాళ్లకు ఒట్టి గంటకే కుక్కకు నోరూరుతుందని. అత్త పక్కన కూర్చుని అదే చెప్పాను. ఇంటి దగ్గర వాంతి తెచ్చింది పొగే గానీ మందు కాదని.

"అంటే నాను కుక్కనేటే, గుంటా?"

ఎర్రయ్య బావ ఊరుకుంటాడా! "కుక్కవైతే బాగున్ను గదత్తా, నా సీటు నువ్వే నాకీసుందువు!"

తిట్టడానికైనా అత్త లేచి కూర్చుంది.

పొగ తగిలిన ప్రతిసారీ మెషిన్ ఉండదని ఆమె ఒంటికి అలవాటు కావాలని, ఆసుపత్రి లేని రోజుల్లో కూడా అదే ఆటోలో, అదే పొగలోంచి తీసుకెళ్లాం. కానీ ఆసుపత్రి దగ్గర ఆగకుండా, సుమ్మాదేవిలో ఉన్న ఆమె చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఊళ్లో వాళ్లందరినీ తిట్టుకునేవాళ్లు.

మొదటిసారీ వాంతి అయింది. ఆ తర్వాత కూడా. పోనుపోను, పొగ తగిలితే ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, "ఆ దొంగమొకంది ఈపాలి ఎవుల్ని తిడతాదో," అని ముందే నవ్వేది.

పూర్తిగా పోలేదు. మెషిన్ మీద కష్టం అలాగే ఉండేది. కానీ రానని మాత్రం మళ్లీ అనలేదు.

నిన్న ఎవరో అన్నారు, ఆ మెషినే ఆమెను తినేసిందని.

కాదు. ఆ మెషిన్ వల్లే, ఈమధ్యే మాటలొచ్చిన కూతురి కొడుకు "అమ్మమ్మా" అని పిలవడం విని వెళ్లింది.

మీ ఇళ్లలోనూ ఆటో ఎక్కగానే, ఆసుపత్రి వాసన తగలగానే వాంతి చేసుకునేవాళ్లు ఉంటారు. మందు పడలేదని మానిపించకండి, ప్లీజ్. డాక్టరుకు చెప్పండి. వాళ్ల పక్కన కాసేపు కూర్చోండి.

వెళ్లిరా అత్తా. ఇకనైనా నీ ఒంటికి సుఖంగా ఉండాలి.