కుళాయి బావ

మా బావని ఆఫీసులో అందరూ కుళాయి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. మరదలిని కాబట్టి ఆ హక్కు నాకుంది. మా పార్సిల్ కంపెనీ హెడ్డాఫీసులో సిస్టమ్స్ గది అతనిదే. ఏ బ్రాంచికి ఎంత నెట్ వదలాలి, ఎప్పుడు కట్టెయ్యాలి అన్నది అతని చేతిలో ఉండేది. ఇంట్లోనూ అంతే. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే ప్రాణం పోయినట్టు పరిగెత్తేవాడు. పిల్లికి బిచ్చం పెట్టని రకం, మాటల్లో కూడా.

అతని పెళ్లాం మా అక్కా, నేనూ ఒకే బ్రాంచిలో పక్కపక్క కౌంటర్లలో కూర్చుంటాం. మా నెట్ లైను సన్నది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు సిస్టమ్‌లన్నీ ఒకేసారి లాగితే బుకింగ్ ఆగిపోతుంది. అందుకని బావ ఒక పద్ధతి పెట్టాడు. బ్రాంచికి ఒక సిస్టమ్‌ని గోదాముగా ఎంచుతాడు. అందరూ ఇళ్లకు వెళ్లాక అప్‌డేట్ నెమ్మదిగా దాంట్లోకి దిగుతుంది. తర్వాత మిగతావి దాని దగ్గర్నుంచి తీసుకుంటాయి. పద్ధతి మంచిదే, ఒప్పుకుంటాను. మనిషే మంచివాడు కాదు.

మా బ్రాంచికి గోదాము అక్క సిస్టమ్. దాంట్లో చోటు చాల్లేదని, బావ తన గదిలోంచే ఆఫీసుకి సంబంధం లేని ఫైళ్లన్నీ తుడిచేశాడు. పెళ్లాం సిస్టమేగా, అడిగేదేముంది! ఆ ఫైళ్లలో అమ్మ గొంతు ఉంది. పోయేముందు ఆసుపత్రి మంచం మీద అమ్మ చెబుతుంటే అక్క ఫోన్లో రికార్డు చేసిన కబుర్లు, మధ్యలో దగ్గు, నర్సు మీద విసుగు, మా ఇద్దర్నీ కలిపి తిట్టిన తిట్లు. ఫోను పాడవుతోందని అక్క వాటిని అక్కడికి మార్చుకుంది. ఇంకెక్కడా లేవు.

అక్క ఏడవలేదు. అతనితో మాట్లాడటం మానేసింది. ఏం పోయిందో కూడా చెప్పలేదు.

"అడిగితే చెప్తా," అంది నాతో.

అతను అడగలేదు. ఆడవాళ్ల అలకలు వాటంతటవే తీరతాయనుకునే మహానుభావుడు.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం వెళ్లేముందు అక్క తన సిస్టమ్ ఆపేసేది. అత్త మీద కోపం దుత్త మీద.

"ఆపొద్దని మెయిల్ వచ్చిందిగా అక్కా?"

"అమ్మని తీసేసి చేసిన చోటది. అందులోకి ఆ దరిద్రాన్ని దిగనివ్వను."

ఆఫీసు పని మీద బావతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నా, ఈ సంగతి మాత్రం ఎత్తలేదు. నాకూ కడుపు మండుతూనే ఉంది.

మా బ్రాంచి వెనకబడిందని బావకి తెర మీద కనిపిస్తూనే ఉంది. ఎందుకు ఆపుతున్నావని ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. పెళ్లాంతో తనే ముందు మాట్లాడితే తల తెగుతుందనుకున్నాడు కాబోలు. పని వేళలో ఇంకోసారి లైను ఆగితే నీ గదిని బయటి కంపెనీకి అప్పజెప్తామని మేనేజరు అప్పటికే చెప్పి ఉన్నాడు. అయినా ఫోన్ చెయ్యలేదు.

అప్‌డేట్ అన్ని సిస్టమ్‌లలోకీ ఎక్కి తీరాల్సిన గడువు రోజు రానే వచ్చింది. గోదాములో పూర్తి సరుకు లేదు. పొద్దున్నే తెరవగానే మా సిస్టమ్‌లన్నీ ఒక్కసారిగా హెడ్డాఫీసు మీద పడి అప్‌డేట్ లాగాయి. బుకింగ్ ఆగింది. క్యూ వీధిలోకి పోయింది. ఒకాయన మందుల పెట్టెతో నా బల్ల బాది మా వంశాన్నంతా తిట్టాడు. నాకు లోపల సంతోషంగానే ఉంది. ఇక కుళాయి పని అయిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం మేనేజరు బావని వెంటబెట్టుకుని వచ్చాడు.

"గోదాము సిస్టమ్ ఆపింది ఎవరు?"

"నేనే సార్," అక్క లేచి నిలబడింది. "రోజూ ఆపాను. ఈయన దీంట్లో మా అమ్మ గొంతు తుడిచేసి చోటు చేశారు. ఆ చోట్లో ఇంకేదీ పెట్టనివ్వను."

బావ మొహం పాలిపోయింది. ఆ మనిషికి నిజంగానే తెలియదు.

"ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఒక్క మాట అడిగి ఉంటే," అంది అక్క.

సిస్టమ్స్ గది బయటి కంపెనీకి పోయింది. బావ ఇప్పుడు మా వెనక షెడ్డులో పార్సిళ్లు తూకం వేస్తున్నాడు. మొన్న లేబుళ్ల కోసం వెళ్తే, నన్ను ఆపాడు.

"తుడిచిన ఫైళ్లని వెంటనే చెప్తే తిరిగి తీయొచ్చు. నేనే తీసేవాణ్ణి. కానీ పొద్దున్నే మీ అక్క సిస్టమ్ వేసినప్పుడల్లా, రాత్రి దిగలేకపోయిన అప్‌డేట్ కాస్త కాస్త దిగింది. ఆ ఫైళ్లున్న చోట్లోనే కూర్చుంది. ఇంక రావు." తూకం మీది పార్సిల్ దించాడు. "మీ అక్కకి చెప్పకు."

ఆ సాయంత్రమే చెప్పాను. కుళాయిని ఇంకో నాలుగు తిడుతుందనుకున్నాను.

అక్క కౌంటర్ డ్రాయరుకి తాళం వేసి నా వైపు తిరిగింది.

"మేమిద్దరం మాట్లాడుకోవట్లేదు సరే. నువ్వు అతనితో మాట్లాడుతూనే ఉన్నావుగా? నీకెందుకు నోరు రాలేదు?"

ఇప్పుడు నాతోనూ మాట్లాడటం లేదు.