ఇంటివాళ్ళకు తీసిన అన్నం

మొన్న మనవరాలితో కలిసి సముద్రం ఒడ్డున ఒక అపార్ట్‌మెంటులో దిగాం. మంచాలు, గిన్నెలు, గరిటెలు అన్నీ అందులోవే. అలమర తలుపు తీయగానే ఉప్పుగాలికి చెమ్మగిల్లిన చెక్క వాసన వచ్చింది. నాకు కళింగపట్నం గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు, పంతొమ్మిదివందల అరవైల చివర్లో, అమ్మ పెద్ద జబ్బు పడి లేచింది. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే, నాన్న ఆమదాలవలస నుంచి అమ్మనూ, నన్నూ, మేనత్తనూ తీసుకెళ్ళి అక్కడ సామాన్లతో సహా రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. అద్దె సంగతి నాకేం తెలుసు? గోడకు అద్దం, దాని పక్కన దువ్వెన చూసి, ఇంటివాళ్ళు చేపల వేటకెళ్ళారనుకున్నాను. వాళ్ళొచ్చి పొమ్మంటే అమ్మకు నయమయ్యేదెలా?

మా ఇంట్లో వేళకు రానివాళ్ళకు అన్నం తీసి మూతపెట్టేవారు. నేనూ రోజూ రాత్రి ఎవరూ ఎంగిలిపడకముందే ఒక గిన్నెలో అన్నం తీసి ఉంచేదాన్ని. పొద్దున నేను లేచేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది.

"ఇంటోళ్ళు తిన్నారేటమ్మా?"

"తినీసినారే. ఇంకొన్నాళ్ళుండమన్నారు" అనేది అమ్మ.

చాలా ఏళ్ళకు అసలు సంగతి అమ్మే చెప్పింది. "అప్పుడు నాకు మెతుకు సయించీది కాదే. నువ్వంత ఆశగా దాసిన అన్నం పారీడానికి సేతులు రాక, పొద్దున్నే గంజి పోసుకొని తినీసీదాన్ని. అలగే ఆకలి తిరిగొచ్చింది."

మొన్న అపార్ట్‌మెంటులో వడ్డించేముందు చిన్న గిన్నెలో అన్నం తీసి మూతపెట్టాను.

"ఎవరికి అమ్మమ్మా?" అంది మనవరాలు.

"ఇంటోళ్ళకే. మా అమ్మని బతికించినోళ్ళు."