వియ్యంకుడితో భువనగిరి కొండ కిందికి

ఉప్పల్ చౌరస్తాలో పొద్దున ఏడింటి బస్సు ఎక్కేటప్పటికి, ఏనుగులు తొండాలతో కుమ్మరిస్తున్నట్టు వాన. ఇది చదివి బయల్దేరేవాళ్లను మోసం చేయడం ఎందుకు, అప్పటికి తుంపరే. అసలు వాన భువనగిరిలో పడింది.

నా పక్క సీట్లో మా వియ్యంకుడు. తెనాలి వైపు పల్లెలో బడిపంతులుగా చేసి మానుకున్న మనిషి. మావాడికి నాచారంలో కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో కొలువు. ఆయన కూతురి కాపురం అక్కడే. బిడ్డను చూడవచ్చి, మర్యాదకు మా ఇంట్లోనూ రెండు రోజులు ఉన్నారు. ముందు రోజు భోజనాల దగ్గర నేను, భువనగిరి కోట లెక్కలేనన్నిసార్లు ఎక్కాననీ, ఒకసారి చిరుతపులి నన్ను చూసి పక్కకు తప్పుకుందనీ చెప్పాను.

వడ్డిస్తున్న నా భార్య వెంటనే అందుకుంది. "నన్నొక్కపారి తోల్కపో అంటే, ఆడోళ్లు ఎక్కలేరంటడన్నా. ముప్పై ఏండ్లసంది గదే మాట."

"అయితే రేపు మనిద్దరం వెళ్దాం బావగారూ," అన్నారు వియ్యంకుడు.

ఇప్పుడు నిజం. అది చిరుతపులి కాదు, మేక. తప్పుకున్నది నేను. ఊరి నెత్తిన బోర్లించిన కాగులాంటి ఆ నున్నటి బండను కింద నిలబడి చూస్తేనే నేను పక్కనున్న స్తంభం పట్టుకుంటాను. ఈ సంగతి నా భార్యకు తెలియకుండా ముప్పై ఏళ్లు లాక్కొచ్చాను. ఆ పరువంతా ఆ పొద్దున నాతోపాటు బస్సెక్కింది.

వియ్యంకుడు అడిగింది కాదనకూడదు. అయితే మనం పెట్టింది ఆయనా వద్దనకూడదు. ఆ రెండో మర్యాదను గట్టిగా పట్టుకున్నాను. ఘట్‌కేసర్‌లో బస్సు ఆగగానే మిరపకాయ బజ్జీలు. బీబీనగర్‌లో ఉడకబెట్టిన పల్లికాయలు. భువనగిరి వస్తే, "ముందు దేవుడు, తర్వాతనే కోట" అని దిగనివ్వకుండా యాదగిరిగుట్టకు తీసుకుపోయాను. గుట్ట మెట్లంటే నాకు భయం లేదు. ముందూ వెనకా జనం ఉంటారు, పడినా ఎవరో ఒకరి మీదే పడతాం. దర్శనం అయ్యాక విస్తరాకులో వేడి వేడి పులిహోర. వియ్యంకుడు రెండోసారి కూడా చేయి చాపారు. "కోటకు ఆలస్యమవుతుందేమో," అంటూనే నిదానంగా నమిలారు. ఆ నిదానం నాకు అప్పుడు అర్థం కాలేదు.

తిరుగు బస్సులో సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ ఎక్కింది. "యాడికి పటేలా?"

"భువనగిరి కోటకు."

"ఈ వానలనా! గా బండ మీద మేకలే జారుతయి."

ఆశగా వియ్యంకుడి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి చెట్లు చూస్తున్నారు.

భువనగిరిలో దిగేసరికి, మొదట నేను చెప్పిన ఏనుగులు నిజంగానే వచ్చేశాయి. రేకుల కింద ఒక అవ్వ మక్క గారెలు వేస్తోంది. లేత మొక్కజొన్న కంకుల గింజలను పచ్చిమిర్చి, అల్లంతో కచ్చాపచ్చాగా రుబ్బి, అరచేతిలో ఒత్తి నూనెలో వదులుతుంది. పైన కరకర, లోపల ఇంకా కంకి పాలు. ఈ గారెల గురించి నేనేమీ పెంచి చెప్పడం లేదు.

వాన ఆగింది. "కొండ మీదికి పోరా మరి?" అంది అవ్వ.

"ఇంకో వాయి తిని పోతం."

"అప్పటిసంది గదే మాట! కొండ దిక్కు ఒక్కపారన్న సూడకపోతిరి, నా మూకుడు దిక్కే సూడవడితిరి."

ఇక నావల్ల కాలేదు. "బావగారూ, నేనెన్నడు ఎక్కలే. నాకు భయం."

ఆయన చేతిలో గారె కింద పెట్టి పొడుగ్గా ఊపిరి వదిలారు. "ఆ ముక్క ఘట్‌కేసర్‌లోనే అనొచ్చుగా! ఇన్ని బజ్జీలు తినే పని తప్పేది. మా ఊళ్లో గడ్డివామే కొండండీ. నేను దాని మీంచే పడ్డాను."

"మరి పోదమన్నది మీరే కదా!"

"మీరంత గొప్పగా చెబుతుంటే, ఊరుకుంటే బాగోదని మాటవరసకు అన్నాను. మీరు నిజంగానే బస్సెక్కించారు!"

అవ్వ నవ్వి నవ్వి గరిటె వదిలేసింది.

సాయంత్రం బస్సులో ఇద్దరం తేలికపడి, ఒకరి భుజం మీద ఒకరు తూగుతూ వచ్చాం. "ఇంట్ల ఏం చెప్తం?" అంటే, "నాకొదిలేయండి" అన్నారు. మంచివాడు. అంతకంటే ప్రమాదం లేదు.

గడపలోనే నా భార్య అడిగింది, "ఎక్కిన్రా?"

"ఎక్కడమేంటి చెల్లెమ్మా!" అన్నారు వియ్యంకుడు. "ఆ తడి బండ మీద బావగారు నా చెయ్యి పట్టుకుని చంటిపిల్లాణ్ణి నడిపించినట్టు నడిపించారు. ఆయన పక్కనుంటే ఆడవాళ్లయినా హాయిగా ఎక్కేయొచ్చు."

"గట్లనా?" ఆమె నా వైపు తిరిగింది. "అయితే రేపు నేనొస్త."

"రేపు వాన పడితే..."

"వానలనే ఎక్కిచ్చినవంట గదా!"

ఈ దారిన వెళ్లేవాళ్లు గుట్ట మీద పులిహోర, భువనగిరిలో మక్క గారెలు వదలకండి. మీ పరువు కాపాడతానని ఎవరైనా అంటే మాత్రం నోరు మూయించండి.

తెల్లారి చూస్తే ఆకాశం కడిగిన పళ్లెంలా మెరుస్తోంది, మచ్చుకు మబ్బు లేదు. వియ్యంకుడు కడుపునొప్పని ముసుగు తీయలేదు. నా భార్య సద్ది మూట ఒళ్లో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, అరుగు మీద కూర్చుని ఉంది.