ఓబుళేసు ఎత్తలేని ఇనుము

"ఏమప్పా ఓబుళేసూ, నువ్వు తినేది సంగటేనా, సున్నమా?"

ముప్ఫైమంది ఎదుట ఓబుళేసును ఈ మాట అడిగినవాణ్ణి నేనే. దాచి లాభం లేదు. 2002లో, ముదిగుబ్బ యువజన సంఘం వ్యాయామశాలలో, జీవితంలో మొదటిసారి నలభై కిలోల ఇనుము తలపైకి ఎత్తి దించి, ఆ ఊపులో అడిగాను. అందరూ నవ్వారు. ఓబుళేసు మాత్రం ఆలోచించి మరీ జవాబిచ్చాడు. "సంగటే సార్. శనివారం ఒక్కపొద్దు."

ఓబుళేసు గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అంత బ్రహ్మాండంగా ఓడిపోయే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. వాకిట్లో నిలబడితే లోపల లైటు వేసుకోవాల్సి వచ్చేది. అటువంటివాడు పది కిలోల డంబెల్ పట్టుకుంటే చలిజ్వరం వచ్చినట్టు వణికేవాడు. "ఆంజనేయా!" అని ఒక కేక. మెడ నరాలు తాళ్ళలాగా తేలేవి. ఇనుము మోకాలి దాకా వచ్చేది, కాసేపు అక్కడ ఆలోచించేది, ధడేల్మని కింద పడేది. "నా వల్ల కాలేదప్పా" అని చేతులు దులుపుకొనేవాడు. రోజుకొకసారి ఆ మాట వినకపోతే మాకు వ్యాయామం చేసినట్టే ఉండేది కాదు.

ఇక నా సంగతి. అనంతపురంలో ఎకనామిక్స్ ఎమ్మే చేసి, ముదిగుబ్బ జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరాను. పిల్లలు నాకు పెట్టిన పేరు సుద్దముక్క. అన్యాయమేమీ లేదు, రంగు ఒక్కటే తేడా. ఆ జనవరి ఇరవై ఆరున జెండా దగ్గర బెంచీ జరపబోయి, బెంచీ కదలక నేను వెల్లకిలా పడ్డాను. మైదానమంతా నవ్వింది. ప్రిన్సిపాల్ నవ్వు ఆపుకోవడానికి జాతీయ గీతం త్వరగా మొదలుపెట్టించాడు. అక్కణ్ణుంచి రెండు నెలలు క్లాసులో బోర్డు వైపు తిరగాలంటే భయం. వెనక నవ్వుతున్నారేమోనని.

వ్యాయామశాల బస్టాండు వెనక పాత విత్తనాల గోడౌనులో ఉండేది. రేకుల కప్పు. నెలకు పది రూపాయలు. ఇనుములో కొంత కొన్నది, కొంత పాత ట్రాక్టరు నుంచి ఊడదీసింది. రెండు పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి మధ్యన పైపు గుచ్చింది ఒకటి. గోడల నిండా శరీరం గురించి సూక్తులు. అవి రాసిన పెయింటరు ఒక్కరోజూ లోపలికి రాలేదు. ఆ ఏడు వాన లేదు. ఊరి చుట్టుపక్కల ఎదిగేది ఏదన్నా ఉంటే మా కండలే.

మొదటి రోజు చొక్కా విప్పమన్నారు. జలుబు అన్నాను. ఏప్రిల్ నెల, కాకి కూడా నీడ వెతుక్కుంటున్న రోజులు. వ్యాయామశాల చూసుకునే రిటైర్డు డ్రిల్లు మాస్టరు బయ్యన్న నన్ను పైనుంచి కిందికి చూసి, "ఉత్త రాడ్డు ఎత్తు సార్, చాలు" అన్నాడు. ఎత్తాను. రెండుసార్లు. మూడోసారి చేతులు నావి కాకుండా పోయాయి. మూలన ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు, నా స్టూడెంట్లు. వాళ్ళు నవ్వేలోపు వెళ్ళిపోదామని చెప్పులు వెతుక్కుంటున్నాను. మళ్ళీ ఈ జన్మలో ఇటు రాకూడదని నిశ్చయం కూడా అయిపోయింది.

అప్పుడు ఓబుళేసు అదే రాడ్డు పట్టుకున్నాడు. కేక వేశాడు. ఒక్కసారి ఎత్తాడు. రెండోసారి మోకాలి దగ్గర వదిలేశాడు.

"నా వల్ల కాలేదప్పా! ఈ సార్ యెట్ల ఎత్తినాడో ఏమో!"

గోడౌనంతా గొల్లుమంది. స్టూడెంట్లూ నవ్వారు, కానీ నన్ను చూసి కాదు. నేను చెప్పుల మీద నుంచి చూపు తిప్పాను. మర్నాడు పొద్దున్నే ఐదున్నరకు హాజరు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను మానలేదు. వ్యాయామం మనసును శుద్ధి చేస్తుందని చెప్పేవాళ్ళు ఉంటారు. నన్ను రోజూ అక్కడికి లాగింది శుద్ధమైన దుర్బుద్ధి. నాకంటే చేతకానివాడు ఒకడున్నాడు, వాణ్ణి చూడాలి. నేను ఐదుసార్లు ఎత్తితే ఓబుళేసు నాలుగు. నేను పన్నెండు ఎత్తితే అతను పదకొండు దగ్గర కూలబడేవాడు. కాలేజీలో సగటులూ విచలనాలూ చెప్పేది నేనే. ఎనిమిది నెలలపాటు ఒక మనిషి సరిగ్గా ఒక్కటి తక్కువగా ఎట్లా ఓడిపోతున్నాడో అన్న అనుమానం ఒక్కరోజు రాలేదు.

పైగా పందెం పెట్టాను. ఓడినవాడు టీ ఇప్పించాలి. ఎదురుగా తిప్పమ్మ అంగడి. ఆమెకు మొదటినుంచీ నేనంటే గిట్టదు.

"సారూ, జీతం తీసుకునేటోనివి, ఈయప్ప చేత రోజూ టీ ఇప్పించుకుంటాండవే. గొంతులోకి యెట్ల దిగుతాందో!"

"పందెం తిప్పమ్మా. గెలిచినా."

"గెలిచినావులే" అని గ్లాసు ఠక్కున పెట్టేది. ఓబుళేసు నా పక్కన నిలబడి, "రేపు సూడు సార్, నిన్ను ఇడిసిపెట్టను" అనేవాడు. రేపూ ఇడిసిపెట్టేవాడు.

నలభై కిలోలు ఎత్తి సున్నం మాట అన్నది ఆ మదంలోనే. అందరూ నవ్వుతుంటే బయ్యన్న ఒక్కడు నేల చూశాడు. ఓబుళేసు పరువు పోయిందని బాధపడుతున్నాడనుకున్నాను.

వారం తిరక్కముందే, ఒక సంత రోజు కదిరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. మేత లేక చుట్టుపక్కల ఊళ్ళన్నీ జీవాలను అమ్ముకుంటున్న కాలం. బెంగళూరు పోయే రెండంతస్తుల లారీ ఆగి ఉంది. దాని వెనక ఓబుళేసు. ఎడమ చంకలో ఒక పొట్టేలు, కుడి చంకలో ఒక పొట్టేలు. ఒక్కోటి నలభై కిలోలకు తగ్గదు. నోట్లో బీడీ. మాట్లాడుతూనే ఒకదాన్ని పై అంతస్తులోకి దిండు విసిరినట్టు విసిరి, రెండోదాన్ని కొంచెం మర్యాదగా కూర్చోబెట్టాడు. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు. నేను లెక్కపెట్టాను. అరవై నాలుగు. కేక లేదు, ఆంజనేయుడు లేడు. బీడీ కూడా ఆరలేదు.

పైనుంచి ఒక పొట్టేలు నన్ను చూసింది. అమ్ముడుపోయిన జీవం, అది నన్ను చూసి జాలిపడింది.

బస్సు పోయింది. నేను ఎక్కలేదు. నేరుగా బయ్యన్న ఇంటికి పోయాను.

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెప్పేది లేదు సార్. ఎవరికి వాళ్ళు తెలుసుకోవాల్సిందే. తెలిసినోళ్ళు కొత్తోళ్ళకు చెప్పగూడదు. అది మా కట్టు."

"అంటే అందరికీ తెలుసా?"

"అందరూ ఆయప్పను గెలిచే నిలబడినారు. నీ ముందర చేరిన శ్రీనివాసులుకు రెండు వారాల్లో తెలిసిపాయె. నీకు ఎనిమిది నెలలు పట్టింది." బయ్యన్న నన్ను ఓదార్చబోయాడు. "చదువుకున్నోళ్ళకు కొంచెం ఆలస్యమైతాది."

అంటే నేను సున్నం అన్నప్పుడు నవ్వినవాళ్ళలో సగం మంది నవ్వింది నన్ను చూసి. బయ్యన్న తల దించుకున్నది నా తరఫున. ఆ రాత్రి సంగటి ముద్ద నా గొంతు దిగలేదు. గొంతులోకి ఎట్లా దిగుతోందని తిప్పమ్మ అడిగింది అప్పటికి అర్థమైంది.

మర్నాడు ఓబుళేసును గోడ పక్కకు పిలిచాను.

"ఎందుకప్పా ఈ నాటకం?"

దొంగతనం బయటపడ్డవాడిలా మెడ గోక్కున్నాడు. "ఇనుము వచ్చిన కొత్తలో యాభైమంది పేర్లు రాయించినారు సార్. మొదటి దినం నేను ఇనుమంతా రాడ్డుకు కట్టి ఎత్తితి. అందరూ చప్పట్లు కొట్టిరి. రెండో దినం పదకొండుమంది వచ్చిరి. వారానికి నేనూ బయ్యన్న సారూ మిగిల్తిమి. అంత పెద్ద గోడౌన్లో ఒక్కన్నే ఎత్తుతాంటే ఏం బాగుంటాది? దొంగతనానికి వచ్చినట్లుండె."

"మరి నీ వ్యాయామం?"

"పొట్టేళ్ళు లేవా సార్!"

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఎకనామిక్సులో దానికి తగిన పదాలు లేవు. అతనే అందుకున్నాడు. "సున్నం మాట బాగుండె సార్. మా ఆడదానికి చెప్తే గంటసేపు నగె."

జనవరిలో ఓబుళేసు లారీతో బెంగళూరు పోయిన రోజున పోస్టాఫీసు కుళ్ళాయప్ప వచ్చాడు. పొట్ట ముందు, మనిషి వెనక. చొక్కా విప్పమంటే జలుబు అన్నాడు. ఉత్త రాడ్డు నాలుగుసార్లు ఎత్తి, ఆయాసంతో గోడ పట్టుకుని, కళ్ళతో చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆ చూపు నాకు తెలుసు.

ఆ రోజు నేను యాభై కిలోలు ఎత్తాలని నెలనాళ్ళుగా అనుకుంటున్నాను. చూడ్డానికి నా స్టూడెంట్లను కూడా రమ్మన్నాను. నలుగురు వచ్చారు. రాడ్డు మీద ఇనుము సిద్ధంగా ఉంది. బయ్యన్న నన్ను చూశాడు. శ్రీనివాసులు చూశాడు. గోడౌనంతా నన్నే చూసింది. నేను కుళ్ళాయప్పను చూశాను, స్టూడెంట్లను చూశాను. సుద్దముక్క అన్న మాట చెవిలో మోగింది.

ఇనుమంతా ఊడదీసి, ఉత్త రాడ్డు పట్టుకున్నాను. "ఆంజనేయా!" అన్నాను. మూడుసార్లు ఎత్తి, నాలుగోసారి వదిలేసి, రాడ్డుతో పాటు నేనూ కింద పడ్డాను.

"నా వల్ల కాలేదప్పా!"

స్టూడెంట్లు పగలబడి నవ్వారు. చిత్రమేమిటంటే, జెండా దగ్గర నొప్పి పెట్టినట్టు ఈసారి పెట్టలేదు. కుళ్ళాయప్ప గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. నా దగ్గరికొచ్చి పొట్ట నిమురుకుంటూ అడిగాడు. "ఏం సార్, కాలేజీలో మీకు అన్నం పెట్టరా?"

మర్నాడు ఐదున్నరకు అందరికంటే ముందు కుళ్ళాయప్ప.

బెంగళూరు నుంచి వచ్చిన ఓబుళేసు మొత్తం కథ విని పెదవి విరిచాడు. "నువ్వు కూడా పడిందేంది సార్? ఎక్కువ చేస్తివి. ఇనుము ఒక్కటి పడాల. మనిషి నిలబడాల."

అప్పటినుంచి పందెం ఓడి కుళ్ళాయప్పకు రోజూ టీ నేనే ఇప్పించేవాణ్ణి. తిప్పమ్మ నా గ్లాసు మెల్లగా పెట్టేది. ఒకరోజు పాత పందేల దుడ్లు ఓబుళేసు చేతిలో పెట్టబోతే, "ఓడినోడు తీసుకోగూడదు సార్" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టీ రెండు రూపాయలు, నూట నలభై మూడు టీలు. రెండువందల ఎనభై ఆరు రూపాయలు ఓబుళేసుకు నేను ఇంకా బాకీ.